లైనక్స్‌లో డీడీ ఫ్రీ డిష్: ఎస్పీ రోడ్డులో కొన్న యూఎస్‌బీ శాటిలైట్ డబ్బా ఎలా ఉంది?

ముందే చెప్పేస్తా. ఇంట్లో లైనక్స్ (విండోస్‌కి బదులు వాడే ఉచిత సిస్టమ్) కంప్యూటర్ ఒకటి రోజంతా నడుస్తూ ఉండి, మిద్దె మీద డిష్ పెట్టుకునే చోటుంటే ఈ డబ్బా కొనండి. కాకపోతే పెట్టె మీద పేరు చూసి కాదు, లోపలి చిప్ చూసి కొనండి. కంపెనీ పేరు నేను రాయడం లేదు. ఇదే బోర్డుని వేరే వేరే స్టిక్కర్లు అంటించి అమ్ముతున్నారు. పైగా పెట్టె మీద పేరు అదే ఉన్నా లోపల బోర్డు మారిపోతోంది. కాబట్టి పేరు చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు.

మాది మదనపల్లె. ఇప్పుడుండేది బెంగళూరు రామమూర్తి నగర్లో. మామయ్య హెడ్మాస్టరుగా రిటైరై మా దగ్గరికే వచ్చేశారు. పొద్దున ఆకాశవాణి, సాయంత్రం సప్తగిరి లేకపోతే ఆయనకు తోచదు. యాప్‌లలో చానెల్ వెతుక్కోవడం, లాగిన్ అడగడం, మధ్యలో చక్రం తిరగడం ఆయనకు చికాకు. హాల్లో టీవీ ఎప్పుడూ పిల్లల చేతిలోనే ఉంటుంది. మామూలు ఫ్రీ డిష్ సెట్‌టాప్ బాక్స్ పెడితే అది ఒక్క టీవీకే పనికొస్తుంది. నాకేమో డిష్ వైరు ఒక్కచోటికి వచ్చి, అక్కణ్ణుంచి ఇంటి వైఫై మీద ఆయన గదిలో ట్యాబ్‌కి, వంటింట్లో నా ఫోన్‌కి, హాల్లో టీవీకి చానెళ్లు వెళ్లాలి. రాత్రి వార్తలు రికార్డయి ఉంటే ఆయన పొద్దున చూసుకుంటారు. ఈ పనికి టీవీహెడెండ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి కావలసిందల్లా డిష్ సిగ్నల్‌ని పట్టి కంప్యూటర్‌కి ఇచ్చే, లైనక్స్ గుర్తుపట్టే ట్యూనర్ ఒకటి. ఈ డబ్బా అదే.

ఫ్రీ డిష్ గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. దూరదర్శన్ దీన్ని 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలుపెట్టింది. ఇప్పుడు 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తోంది. నెలనెలా కట్టేదేమీ లేదు. తెలుగువాళ్లకు సప్తగిరి, యాదగిరి రెండూ ఉన్నాయి, ఆకాశవాణి రేడియో చానెళ్లు కూడా ఉన్నాయి.

డబ్బా అరచేతిలో పట్టేంత ఉంటుంది. రేకు పెట్టె. ఒక పక్క డిష్ వైరు బిగించే మర, ఇంకో పక్క యూఎస్‌బీ, దాని పక్కనే 12 వోల్టుల అడాప్టర్ పిన్ను. యూఎస్‌బీ ఉండగా ఇంకో అడాప్టర్ ఎందుకని చాలామంది అడుగుతారు. డిష్ చివర ఉండి సిగ్నల్‌ని అందుకునే ఎల్ఎన్‌బీకి కరెంటు ఈ వైరులోంచే వెళ్లాలి. తరంగం ఊగే దిశ నిలువైతే (నిలువు పోలరైజేషన్) 13 వోల్టులు, అడ్డమైతే 18 వోల్టులు. యూఎస్‌బీ ఇచ్చేది 5 వోల్టులే. అడాప్టర్ లేకుండా యూఎస్‌బీ కరెంటు మీదే నడుస్తుందని చెప్పే చవక డబ్బాలు కొనకండి. పొడుగు వైరు వేశాక వాటి మీద నమ్మకం పెట్టుకోలేం.

ఇక షాపు సంగతి. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డులో, మెయిన్ రోడ్డు మీద పెద్ద షాపులవాళ్లకు ఇలాంటి సరుకు గురించి అడిగితే సెట్‌టాప్ బాక్స్ చేతిలో పెడతారు. లోపలి సందులో, సీసీ కెమెరాలు, కేబుల్ టీవీ సామాన్లు అమ్మే చిన్న కొట్టులో దొరికింది. కొట్టాయన హిందూపురం మనిషి. "అన్నా, దీని లోపల ఏ చిప్ ఉందో చెప్తారా?" అని అడిగా.

"అక్కా, డబ్బా మీద లైనక్స్ అని రాసుంది గదా, చాలదా?"

"అది చాలదన్నా. ఏ లైనక్స్‌లోనో, ఏ డ్రైవర్‌తోనో కావాల."

ఆయన విసుక్కోలేదు. డ్రాయర్లోంచి స్క్రూడ్రైవర్ తీసి నాలుగు మరలూ విప్పి బోర్డు నా ముందు పెట్టారు. సీలు తీసిన పెట్టె మళ్లీ అమ్ముకోవడం ఎంత కష్టమో ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లకు తెలుసు. ఫోన్ టార్చి వేసి చిప్‌ల మీద అక్షరాలు చదువుకుని, ఫొటో తీసుకుని, అప్పుడు డబ్బులిచ్చా. ₹6,200. సెట్‌టాప్ బాక్స్‌తో పోలిస్తే ఎక్కువే. కానీ ఆ కొట్టుకి నేను మళ్లీ వెళ్తా, మీరూ వెళ్లండి.

బోర్డు మీద చూడాల్సినవి మూడు. ట్యూనర్ చిప్ కావలసిన ఫ్రీక్వెన్సీని పట్టుకుంటుంది. డీమాడ్యులేటర్ చిప్ ఆ తరంగాన్ని బిట్లుగా మారుస్తుంది. బ్రిడ్జ్ చిప్ ఆ బిట్లను యూఎస్‌బీలోకి తోస్తుంది. లైనక్స్ కెర్నెల్‌లో, అంటే లైనక్స్‌కి గుండెకాయ లాంటి అసలు ప్రోగ్రాములో, ఈ మూడింటికీ మూడు వేర్వేరు డ్రైవర్లు, అంటే చిప్‌ని నడిపించే చిన్న ప్రోగ్రాములు, ఉంటాయి. ఏ కంపెనీ బోర్డయినా ఈ మూడు చిప్‌లూ కెర్నెల్‌కి తెలిసినవైతే మిగిలిన పని చాలా తక్కువ. నా బోర్డులో బ్రిడ్జ్ ఈఎం28 కుటుంబానిది, ట్యూనర్ టీఎస్2022, డీమాడ్యులేటర్ ఎం88డీఎస్3103బీ.

ఆ చివరి 'బీ' దగ్గరే కథంతా ఉంది. బీ లేని ఎం88డీఎస్3103 చాలా ఏళ్లుగా కెర్నెల్‌లో ఉంది. దాని డ్రైవర్ రాసింది ఆంటి పలోసారి అనే ఫిన్లండ్ డెవలపర్. మన చేతికొచ్చే యూఎస్‌బీ ట్యూనర్లలో సగానికి డ్రైవర్లు ఆయన చేతి నుంచి వచ్చినవే అనిపిస్తుంది నాకు. బీ రకం చూడ్డానికి అదే చిప్. కానీ దానికి వేరే ఫర్మ్‌వేర్ ఫైలు (చిప్ లోపలికి ఎక్కించే ప్రోగ్రాము) కావాలి, లోపలి క్లాక్‌ని లెక్కగట్టి పెట్టే పద్ధతి కూడా వేరు. ఈ తేడాలను తర్వాత అదే డ్రైవర్‌లో కలిపారు. మా ఇంట్లో మినీ పీసీ మీద అప్పటిదాకా 4.19 కెర్నెల్ నడుస్తూ ఉండేది. అది 2018 నాటిది, దానికి బీ అంటే ఏంటో తెలియదు. కొత్త కెర్నెల్ పెట్టగానే ఆ చిక్కు తీరిపోయింది.

ఇంకోటి మిగిలింది. యూఎస్‌బీకి తగిలించే ప్రతి పరికరానికీ రెండు నంబర్లుంటాయి, ఒకటి తయారీదారుది, ఇంకోటి ఆ మోడల్‌ది. డ్రైవర్ లోపల తనకు తెలిసిన నంబర్ల పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో లేని నంబరు కనిపిస్తే డ్రైవర్ కదలదు, లోపల చిప్‌లన్నీ తెలిసినవే అయినా సరే. నా డబ్బా నంబరు పట్టికలో లేదు. ఇదే చిప్‌లతో ఉన్న బోర్డు వివరణ అప్పటికే డ్రైవర్‌లో ఉంది. దాని పక్కన నా నంబరుతో ఒక్క పంక్తి చేర్చి, ఆ మాడ్యూల్ (డ్రైవర్ ముక్క) ఒక్కటే కంపైల్ చేసి, ఫర్మ్‌వేర్ ఫైలుని సిస్టమ్‌లో ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో పడేశా. వైరు తీసి పెట్టగానే లాగ్‌లో మూడు చిప్‌ల పేర్లూ వరసగా వచ్చాయి. ఆ పంక్తిని కెర్నెల్‌లో కలపమని పైకి పంపాను కూడా. అది చేరితే ఇదే డబ్బా కొన్న తర్వాతివాళ్లకు ఈ పని ఉండదు.

డ్రైవర్ కెర్నెల్‌లో ఉండడానికీ కంపెనీ సైట్‌లో జిప్ ఫైలుగా ఉండడానికీ తేడా ఏంటో నాకు ఇంతకు ముందు వాడిన స్టిక్ చూపించింది. అది డిష్ లేకుండా మామూలు యాంటెన్నాతో డిజిటల్ టీవీ పట్టే డీవీబీ-టీ2 స్టిక్. దూరదర్శన్ 2016లో 16 నగరాల్లో డీవీబీ-టీ2 ప్రసారం మొదలుపెట్టింది. బెంగళూరు, చెన్నై రెండూ అందులో ఉన్నాయి. ఆ ఉత్సాహంలో కొన్నది. పెట్టె మీద 'లైనక్స్ సపోర్ట్' అని పెద్ద అక్షరాలు. కంపెనీ ఇచ్చిన డ్రైవర్ అప్పటి కెర్నెల్‌లో చక్కగా నడిచింది. తర్వాత సిస్టమ్ అప్‌డేట్ అయిన రోజు ఆగిపోయింది. మెయిల్ పెడితే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లమన్నారు. ఒక టీవీ స్టిక్ కోసం సెక్యూరిటీ ప్యాచ్‌లు మానుకుని ఎవరు కూర్చుంటారు? కెర్నెల్ లోపలి ఫంక్షన్లు మారుతూనే ఉంటాయి. అలా మార్చేవాళ్లు, కెర్నెల్‌లోనే ఉన్న డ్రైవర్లన్నిటినీ ఆ మార్పుకి తగ్గట్టు తామే సరిచేయాలన్నది అక్కడి నియమం. బయట ఉన్న జిప్ ఫైలుని ఎవరూ సరిచేయరు. స్టిక్‌లో చిప్‌లు ఇప్పటికీ బాగానే ఉన్నాయి, డ్రైవరే లేదు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. పాడవని వస్తువుని మూలన పడేయాల్సి వచ్చింది.

శాటిలైట్ టీవీ ప్రసారాల రెండో పద్ధతి డీవీబీ-ఎస్2 లైనక్స్‌లోకి రావడం వెనుక కూడా ఇలాంటి గొడవే జరిగింది. తెలిస్తే ఈ డబ్బా ఎందుకు పని చేస్తుందో అర్థమవుతుంది. మొదటి శాటిలైట్ పద్ధతి డీవీబీ-ఎస్ 1990లలో వచ్చింది. 2005లో వచ్చిన ఎస్2, అదే ఉపగ్రహం మీద సుమారు 30 శాతం ఎక్కువ డేటా పంపగలదు. మెరుగైన మాడ్యులేషన్ (బిట్లను తరంగం మీద ఎక్కించే తీరు), ఎల్‌డీపీసీ అనే తప్పులు దిద్దే కోడ్ అందుకు కారణం. అయితే లైనక్స్‌లో అప్పటి ప్రోగ్రాములు ట్యూనర్‌తో మాట్లాడే నిర్మాణం రెండే గళ్లున్న అచ్చు ఫారం లాంటిది. శాటిలైట్‌కి సంబంధించి అందులో సింబల్ రేటు (సెకనుకు ఎన్ని సంకేతాలు), ఎఫ్ఈసీ (తప్పులు దిద్దే కోడ్ మోతాదు) రాయడానికే చోటుంది. ఎస్2కి మాడ్యులేషన్ చెప్పాలి, రోల్ ఆఫ్ (సిగ్నల్ అంచులు ఎంత వాలుగా ఉన్నాయో) చెప్పాలి, పైలట్ (జత చేసే గుర్తు సంకేతం) ఉందా లేదా చెప్పాలి. కొత్త గడి చేరిస్తే నిర్మాణం సైజు మారిపోయి అంతకు ముందు రాసిన ప్రోగ్రాములన్నీ ఆగిపోతాయి.

దీనికి మల్టీప్రోటో అనే పరిష్కారం కొన్నేళ్లు కెర్నెల్ బయటే ఉండిపోయింది. 2008లో ఎస్2ఏపీఐ అనే రెండో ప్రతిపాదన వచ్చింది. ఆ సెప్టెంబరులో అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్‌లో జరిగిన లైనక్స్ ప్లంబర్స్ సమావేశంలో డెవలపర్లు ఎస్2ఏపీఐ వైపు మొగ్గారు. డిసెంబరులో వచ్చిన 2.6.28 కెర్నెల్‌లో అది చేరింది. దాని కీలకం చాలా సాదా. స్థిరమైన నిర్మాణం తీసేసి, పేరు-విలువ జంటల జాబితా పంపమన్నారు. ఫ్రీక్వెన్సీ ఇంత, ప్రసార పద్ధతి ఇది, సింబల్ రేటు ఇంత, చివర్లో 'ట్యూన్ చెయ్' అని. రేపు కొత్త ప్రమాణం వస్తే జాబితాలో కొత్త పేరు చేరుస్తారు, పాత ప్రోగ్రాములకు ఏమీ కాదు. తర్వాత డీవీబీ-టీ2 వచ్చినప్పుడు సరిగ్గా అలాగే జరిగింది. ఒకే ప్రసారంలో వేర్వేరు ప్రవాహాలుంటాయి కాబట్టి ఏ ప్రవాహం కావాలో చెప్పే నంబరు ఒకటి చేరింది, అంతే. 2011లో కెర్నెల్ 3.0తో టీ2 స్టిక్‌లు లైనక్స్‌లో పనిచేయడం మొదలైంది. మల్టీప్రోటో కోసం ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల శ్రమ పక్కకు పోయిందని అప్పట్లో చాలామంది బాధపడ్డారు, ఆ బాధలో న్యాయముంది. అయినా సాంకేతికంగా తీసుకున్న నిర్ణయం సరైనదే అని ఇన్నేళ్ల తర్వాత నా చేతిలో ఉన్న ఈ డబ్బాని చూసి చెప్పగలను.

డిష్ బిగించడం గురించి. బెంగళూరు నుంచి జీశాట్-15 వైపు చూడాలంటే దిక్సూచిలో ఉత్తరం నుంచి సుమారు 128 డిగ్రీలు, అంటే ఆగ్నేయం. ఎత్తు సుమారు 66 డిగ్రీలు, బాగా నిటారుగా పైకి. చిన్న డిష్‌లన్నీ ఆఫ్‌సెట్ రకం కాబట్టి పళ్లెం అంత పైకి చూస్తున్నట్టు కనిపించదు, దాన్ని చూసి కంగారు పడకండి. మా వీధిలో డిష్‌లు పెట్టే కుర్రాడు వేరే కంపెనీల డిష్‌లకు అలవాటు పడి మొదట ఇంకో వైపు తిప్పేశాడు. ఫోన్‌లో దిక్సూచి చూపించాక దారిలో పడ్డాడు.

ఇక్కడ ఈ డబ్బాలో నాకు నచ్చనిది చెప్పాలి. లైనక్స్‌లో ట్యూనర్ స్థితి ఐదు మెట్లుగా చూపించే ఏర్పాటుంది. సిగ్నల్, క్యారియర్, విటర్బి, సింక్, చివరగా లాక్, అంటే ప్రసారం పూర్తిగా చిక్కడం. కొన్ని డ్రైవర్లలో డిష్ తిప్పుతుంటే ఇవి ఒక్కొక్కటే వస్తాయి, దగ్గర పడుతున్నామని తెలుస్తుంది. ఈ చిప్ డ్రైవర్‌లో ఐదూ ఒకేసారి వస్తాయి, లేదా ఒక్కటీ రాదు. మిద్దె మీద డిష్ తిప్పేవాళ్లకు, కింద స్క్రీన్ ముందు కూర్చున్నవాళ్లకు ఇది పెద్ద టెన్షన్. దీనికి విరుగుడు, రెండు మూడొందలకు దొరికే శాటిలైట్ ఫైండర్ మీటర్ వాడడం. ఒకసారి లాక్ అయ్యాక మాత్రం సీ/ఎన్ విలువ (గోలతో పోలిస్తే సిగ్నల్ ఎంత బలంగా ఉందో) డెసిబెల్స్‌లో బాగా చూపిస్తుంది. అప్పుడు డిష్‌ని కొద్దికొద్దిగా కదిపి ఆ అంకె ఎక్కడ గరిష్ఠంగా ఉందో అక్కడ మరలు బిగించండి. ఎల్ఎన్‌బీని దాని కాడ చుట్టూ కాస్త తిప్పి చూడడం మరిచిపోకండి, అక్కడ కూడా అంకె పెరుగుతుంది.

ట్యూన్ చేయడానికి ఇచ్చే వివరాల్లో ఒకటి ఉదాహరణకి: 11090 మెగాహెర్ట్జ్, నిలువు, సింబల్ రేటు 29500. యూనివర్సల్ ఎల్ఎన్‌బీ అయితే ఈ బ్యాండ్‌లో 9750 తీసేస్తుంది, డబ్బా దాకా వచ్చేది 1340. లాగ్‌లో 1340 కనిపిస్తే భయపడకండి, అది సరైనదే. ఫ్రీ డిష్‌లో వీడియోని కుదించే పాత పద్ధతి ఎంపెగ్-2 చానెళ్లు డీవీబీ-ఎస్‌లో, కొత్త పద్ధతి ఎంపెగ్-4 చానెళ్లు డీవీబీ-ఎస్2లో కలగలిసి వచ్చాయి. ప్రసార పద్ధతి తప్పు రాస్తే ఆ ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహంలో ఒక ఫ్రీక్వెన్సీ మీద కొన్ని చానెళ్లను కలిపి పంపే భాగం) అసలు లాక్ కాదు. కాబట్టి వెతకాల్సిన ఫ్రీక్వెన్సీలు రాసే స్కాన్ ఫైల్లో ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఎస్, ఎస్2 రెండూ రాసి పెట్టుకుంటే ఏది దొరికితే అది పట్టుకుంటుంది. రేపు దూరదర్శన్ ఒకదాన్ని ఇటు నుంచి అటు మార్చినా మీరు మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

వాడకంలో బాగుంది. ఒకే ట్రాన్స్‌పాండర్‌లోని చానెళ్లు ఎన్నైనా ఒకేసారి చూడొచ్చు, రికార్డు చేయొచ్చు. ట్యాబ్‌లో మామయ్య సప్తగిరి చూస్తుంటే, అదే ట్రాన్స్‌పాండర్‌లోని ఇంకో చానెల్ టీవీలో నడుస్తుంది. వేరే ట్రాన్స్‌పాండర్‌లోది కావాలంటే మాత్రం రెండో డబ్బా కావాలి, ఎందుకంటే ఇందులో ట్యూనర్ ఒక్కటే. పెద్ద వాన పడినప్పుడు బొమ్మ గళ్లుగళ్లుగా పగులుతుంది. అది ఈ ప్రసారం వాడే కేయూ బ్యాండ్ ఫ్రీక్వెన్సీల స్వభావం, డబ్బా తప్పు కాదు. రేకు పెట్టె బాగా వేడెక్కుతుంది. గాలి తగిలేలా గోడకు నిలబెట్టి పెట్టాను, టీవీ వెనక బట్ట కింద దాచొద్దు. రేడియో చానెళ్లు వినడానికి టీవీహెడెండ్ నుంచి నేరుగా చిన్న బ్లూటూత్ స్పీకర్‌కి పంపే ఏర్పాటు చేశాను. పొద్దున ఆరింటికి మామయ్య మంచం దిగేలోపే ఆకాశవాణి మోగుతుంది.

"సరోజా, మన రేడియోలో గరగర కూడా లేదే," అన్నారు మొదటి రోజు. ఆయనకు అదొక్కటే లోటుగా అనిపించింది.

ఈ డబ్బా చేయలేనివి కూడా తెలుసుకుని కొనండి. కార్డు పెట్టే అర లేదు, డబ్బులు కట్టి చూసే డీటీహెచ్ చానెళ్లు రావు. ఎస్2ఎక్స్ అనే తర్వాతి పద్ధతి ఈ చిప్‌కి రాదు, డ్రైవర్ ఎంత బాగా రాసినా రాదు. డీవీబీ-టీ2కి వేరే ట్యూనర్ కావాలి. ఇక ఈ ఊళ్లోనే సాంఖ్య ల్యాబ్స్ చిప్‌లతో, ఐఐటీ కాన్పూర్, ప్రసార భారతి కలిసి ప్రయత్నిస్తున్న డైరెక్ట్ టు మొబైల్ (ఇంటర్నెట్ లేకుండా ఫోన్‌కే నేరుగా టీవీ ప్రసారం) సంగతి చాలామంది అడుగుతున్నారు. అది ఏటీఎస్‌సీ 3.0 అనే ప్రసార ప్రమాణం మీద నడిచేది. అందులో వచ్చేవి ఇంటర్నెట్‌లోలాగా ఐపీ ప్యాకెట్లు. లైనక్స్ టీవీ డ్రైవర్ల ఏర్పాటంతా ఎంపెగ్ ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ (డిజిటల్ టీవీ డేటాని మోసే వేరే పద్ధతి) చుట్టూ కట్టింది. కాబట్టి టీ2కి చేసినట్టు జాబితాలో ఒక పేరు చేరిస్తే సరిపోదు, ఆ పైన డేటా అందుకునే పద్ధతి కూడా కొత్తగా రాయాలి. దాని కోసం ఎదురుచూస్తూ దీన్ని కొనడం మానుకోవాల్సిన పనైతే లేదు.

కొనేటప్పుడు బిల్లు మీద మోడల్ పేరుతో పాటు డీమాడ్యులేటర్ చిప్ పూర్తి పేరు, చివరి అక్షరంతో సహా రాయించుకోండి. హిందూపురం అన్న నాకు రాసిచ్చారు. లోపల వేరే చిప్ వస్తే వారంలోపు మార్చిస్తానని కింద సంతకం కూడా పెట్టారు. ఇంటికొచ్చాక మీ కెర్నెల్ వెర్షన్ చూసుకోండి. 4.19 లాంటి పాతది అయితే డబ్బా తగిలించక ముందే మార్చుకోండి. ఫర్మ్‌వేర్ ఫైలు బీ రకానిది వేరు, బీ లేనిది వేరు. రెండూ ఫోల్డర్‌లో పెట్టేయండి, డ్రైవర్ తనకు కావలసింది తీసుకుంటుంది.